పైడన్న చెవి పెట్టిన బండి

కుళాయి నుంచి చుక్క బకెట్లోకి పడుతోంది. పడటం కనిపిస్తోంది. పైడన్న కుడిచెవి అటు తిప్పాడు. కాసేపాగి ఎడమచెవి తిప్పాడు. నీటి మీద చిన్న గుండ్రం లేస్తోంది, విచ్చుకుంటోంది, పోతోంది. చప్పుడు మాత్రం రావడం లేదు. నిన్నటి దాకా కుడివైపు లీలగా టిక్కుమనేది. ఇవాళ అదీ లేదు.

పొద్దున్నే పళ్లు తోముకుంటూ అతను చేసుకునే పరీక్ష ఇది. ఎనిమిది నెలలుగా చేసుకుంటున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

భుజం మీద తడిచెయ్యి పడేసరికి ఉలిక్కిపడ్డాడు. భార్య సీతాలు. నోరు కదులుతోంది. ఆ పెదాల కదలికను బట్టి సగం, ముప్పై ఏడేళ్ల కాపురాన్ని బట్టి సగం అర్థం చేసుకున్నాడు.

"మూడుసార్లు పిలిసినాను. టీ సల్లారిపోతంది. సెవుల్లో దూది గానీ పెట్టుకున్నావేటి?"

"పళ్లు తోముతన్నాను గదే."

"పళ్లు తోముకుంటే సెవులు మూసుకుపోతాయా? కొత్త ఇసయం సెప్పినావు."

పైడన్న నవ్వేశాడు. నవ్వితే మాట పెరగదు. ఈ ఎనిమిది నెలల్లో నేర్చుకున్న విద్యల్లో అదొకటి. ఇంకోటి, ఎవరు మాట్లాడుతున్నా వాళ్ల నోటి వైపే చూడటం. షెడ్డులో వాళ్లు "పైడన్న ముసలాడయ్యాక మనుషుల మీద ప్రేమ పెరిగింది, కళ్లార్పకుండా సూస్తన్నాడు" అని ఆటపట్టించారు. దానికీ నవ్వాడు.

అతనికి అరవై ఒకటి. గోపాల్‌పూర్ దగ్గర సముద్రపొడ్డు ఊళ్లో పుట్టాడు. వాళ్లది వేటకెళ్లే ఇల్లు. నాన్న వల పట్టాడు గానీ పైడన్న వల మీద చెయ్యి వెయ్యలేదు. పడవలకు ఇంజిన్లు కొత్తగా వచ్చిన రోజులవి. వాటి పక్కన కూర్చుని, వాటి రొద చెవుల్లో పోసుకుంటూ పని నేర్చుకున్నాడు. తర్వాత బరంపురం వచ్చి కార్ల షెడ్డులో చేరాడు. ముప్పై ఆరేళ్లయింది. మొదట్లో యజమాని లోకనాథ్ వాళ్ల నాన్న, ఇప్పుడు లోకనాథ్. షెడ్డు అదే, పైడన్న అదే.

పాతకారు కొనేవాళ్లు ఊళ్లో ఒక మాట అడుగుతారు: "పైడన్న చెవి పెట్టాడా?" బడా బజార్ షావుకార్లు అడిగారు, కాలేజీ మేష్టార్లు అడిగారు. చెవి పెట్టడమంటే ఏం లేదు. మూరెడు పొడవు స్క్రూడ్రైవరు ఒకటుంది అతని దగ్గర. చెక్కపిడి, లావుపాటి ఇనపకడ్డీ. పడవల కాలం నాటిది. ఇంజిన్ నడుస్తుంటే కడ్డీ మొన దాని మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుంటాడు. మొన జరిగినప్పుడల్లా ఇంజిన్లో ఒక్కో చోటు ఒక్కో గొంతుతో మాట్లాడుతుంది. ఇక్కడ బేరింగు అరిగింది, ఇక్కడ గొలుసు వదులైంది, ఇక్కడ వాల్వు టక్కుమంటోంది. కళ్లు మూసుకుని వింటాడు. తర్వాత ఒక మాట చెబుతాడు. ఆ మాట మీద జనం బండి కొంటారు, లేకపోతే మానేస్తారు.

ఆ చెవే పోతోంది. పోతోందని తెలిస్తే ఎవరు రమ్మంటారు? మిషను పెట్టించుకోవచ్చు, ఆస్పత్రిలో ఇస్తారని తెలుసు. కానీ చెవికి మిషను తగిలించుకున్న మనిషి చేత బండికి చెవి పెట్టిస్తారా ఎవరైనా? ఇది తలుచుకుంటే పైడన్నకు అన్నం దగ్గర ముద్ద ఆగిపోతుంది.

ఇంతవరకూ బయటపడకుండా గట్టెక్కించింది ఆ స్క్రూడ్రైవరే. ఎనిమిది నెలల కింద ఒకరోజు, రెండు చేతుల్లో రెండు స్పానర్లుంటే పిడిని పళ్ల మధ్య పట్టుకుని వంగాడు. మొన ఇంజిన్‌కు తగిలింది. తగలగానే ఇంజిన్ మొత్తం బుర్రలోకి వచ్చేసింది. గొలుసు, వాల్వులు, నీళ్ల పంపు, అన్నీ. చెవి వదిలేసినదాన్ని దవడ ఎముక పట్టుకుంది. ఆరోజు బానెట్టు కింద తల పెట్టి ఎంతసేపు ఉండిపోయాడో అతనికే తెలీదు. అప్పట్నుంచి జనం ముందు పిడి చెవికి పెడతాడు. తర్వాత లోపలికి బాగా వంగి, ఎవరికీ కనపడకుండా కొరికి వింటాడు.

అలా ఇంజిన్లు వినపడుతున్నాయి. మనుషులే వినపడటం లేదు.

షెడ్డుకు చేరేసరికి ఎనిమిదిన్నర. ముందు ఎర్రబండి నిలబడి ఉంది. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, పాతికేళ్ల నాటిది. నేలకు జానెడెత్తులో, దూకబోయే పిల్లిలా ఉంటుంది. రంగు పెచ్చులూడింది, ముందు దీపాల అద్దాలు పసుపెక్కాయి. దాని పక్క చోటు ఇంకో బండి కోసం ఖాళీగా ఉంది.

లోకనాథ్ ఎదురొచ్చాడు. నలభై రెండేళ్ల మనిషి, పైడన్నను చిన్నప్పట్నుంచీ మావా అనే పిలుస్తాడు. "మావా, సాయిరామ్ పదిన్నరకి వస్తాడు, పెళ్లాన్నీ పిల్లనీ తీసుకుని. ఎర్రదా తెల్లదా ఇవాళ తేలిపోవాల. తెల్లబండి ఛత్రపురం నుంచి దారిలో ఉంది. నేను ఫోను మాటాడి వస్తాను, నువ్వు సూసుకో."

ఈసారి లోకనాథ్ ఎదురుగా నిలబడి మాట్లాడాడు కాబట్టి అంతా అందింది.

తొమ్మిదిన్నరకు తెల్లబండి వచ్చింది. నాలుగు తలుపుల ఫ్యామిలీ కారు. పదిహేనేళ్ల బండి అయినా పెళ్లికొడుకులా తుడిచి ఉంది. కొత్త సీటు కవర్లు, కాళ్ల కింద కొత్త పరుపు. తెచ్చింది ఒక ముసలి ఒడియా డ్రైవరు. యజమాని పిల్లల దగ్గరకు భువనేశ్వర్ వెళ్లిపోయాడట, అందుకని అమ్మేస్తున్నారట. డ్రైవరు నోట్లో కిళ్లీ. తాళాలు ఇస్తూ ఏదో చెప్పాడు. పైడన్న అతని ఎర్రటి పెదాలనే చూస్తున్నాడు.

"గాడిరె పని థిలా. సబు సజాడి దేఇచు."

బండిలో పని ఉండేది, అంతా సరిచేసేశాం. అలా అందింది పైడన్నకు. బరంపురం షెడ్లలో మాట సగం ఒడియా, సగం తెలుగు. ఒడియా మాటల మధ్య మన 'పని' వచ్చి కూర్చోవడం రోజూ ఉన్నదే. డ్రైవరు అరచెయ్యి బోర్లించి తన తొడ దగ్గర పట్టి చూపించాడు. ఇంతే, కొంచెమే అంటున్నాడు కాబోలనుకున్నాడు పైడన్న. "హఉ, హఉ" అని తలాడించాడు. డ్రైవరు బస్సుకు వెళ్లిపోయాడు.

బండి కిందకు దూరి చూశాడు. అడుగంతా కొత్తగా నల్లరంగు కొట్టి ఉంది. ఎందుకు కొట్టారో? శ్రద్ధ గల మనుషులేమో. డ్రైవరు ఇంకా సందు చివర నడుస్తూ కనిపిస్తున్నాడు. కేకేసి అడగొచ్చు. అడగడం కష్టం కాదు, జవాబు వినడం కష్టం. అందుకే కొన్నాళ్లుగా పైడన్న అడగడం మానేశాడు.

సాయిరామ్ వాళ్లు చెప్పిన వేళకే వచ్చారు. అతను బీమా ఆఫీసులో గుమాస్తా, ముప్పై రెండేళ్లుంటాయి. భార్య పావని, బడిలో టీచరు, పుట్టిల్లు హుమ్మ. ఐదేళ్ల కూతురు చిన్ను. సాయిరామ్ తిన్నగా ఎర్రబండి దగ్గరకు పోయి దాని నెత్తి మీద చెయ్యేశాడు.

"సూడే! కాలేజీలో నోటుబుక్కు అట్ట మీద ఈ బండి బొమ్మే అతికించుకున్నాను నేను."

పావని లోపలికి తొంగిచూసింది. "ఎనక సీట్లో మనుషులు కూసుంటారా, కొబ్బరికాయలు పెడతారా?"

"చిన్నుకి సరిపోతాది."

"సరిపోతాది, తల తీసి డిక్కీలో పెడితే. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో ఇందులోకి ఎలా దిగుతాది? హుమ్మలో మా సందులో గుట్ట దాటుద్దా ఇది? పొట్ట గీసుకుపోద్ది, దానిదీ నీదీ."

షెడ్డంతా నవ్వింది. అందరూ నవ్వడం చూసి పైడన్నా నవ్వాడు. సాయిరామ్ మొహం ఎర్రబండిలాగే అయింది.

"తెల్లదాన్లో ఏటుంది? నాలుగు సీట్లు, ఒక పెట్టె. మా ఆఫీసరు బండిలా ఉంది."

"పెట్టే కావాల. రెండు బియ్యం బస్తాలు పడతాయి. నువ్వు రేసులకి ఎల్తన్నావా, అత్తారింటికి ఎల్తన్నావా?" ఆమె పైడన్న వైపు తిరిగింది. "తాతా, మా మాటలు వదిలీ. నువ్వు సెవి పెట్టు. నువ్వు ఏది అంటే అదే."

ఆ చివరి మాట అతనికి పూర్తిగా అందింది. అందకపోయినా బాగుండేది.

ముందు ఎర్రదాన్ని నడిపించాడు. గొంతు పెద్దది. పిడి చెవికి ఆనించి నిలబడ్డాడు, చూసేవాళ్ల కోసం. తర్వాత లోపలికి వంగి పిడి కొరికాడు. ఒక వాల్వు తడబడుతోంది. పైన అంత అల్లరిగా ఉన్నా లోపల నడక శుభ్రంగా ఉంది. వీధిలో నాలుగడుగులు తోలి బ్రేకు తొక్కాడు. గోడకు కొట్టినట్టు ఆగింది.

తెల్లది నడిపించాడు. పళ్లలోకి వచ్చిన శబ్దం పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే శబ్దంలా మెత్తగా ఉంది. పదిహేనేళ్ల బండికి ఇంత మెత్తదనం ఎలా వచ్చింది? ఇంజిన్ విప్పి మళ్లీ కట్టినట్టున్నారు. ఆ 'పని' ఇదే కాబోలు. షెడ్డు ఆవరణలో ఒక చుట్టు తిప్పాడు. ఆగింది. కొంచెం మెత్తగా ఆగింది, అంతే.

లేచి, నడుం సరిచేసుకుని చెప్పాడు. "ఎర్రది అరుస్తాది గానీ మనసు మంచిదే. ఇంట్లోకి మాత్రం తెల్లదే."

పావని చప్పట్లు కొట్టింది. సాయిరామ్ ఎర్రబండిని ఒకసారి చూసి, తెల్లదాని తాళం పావనికి ఇచ్చేశాడు. ముందు హుమ్మ తీసుకెళ్లి వాళ్ల నాన్నకు చూపించి వస్తామంది పావని. ఆమే నడుపుతానంది. పన్నెండవుతుండగా తెల్లబండి కదిలింది. వెనక అద్దంలోంచి చిన్ను చెయ్యూపింది.

పన్నెండుంబావుకి పైడన్న రోడ్డవతల కాసమ్మ బడ్డీకి టిఫిను డబ్బాతో వెళ్లాడు. రోజూ అక్కడే తింటాడు. కాసమ్మ టీ అమ్ముతుంది, కబుర్లు ఊరికే ఇస్తుంది. ఇవాళ బల్ల మీద ఇద్దరు ఒడియా కూలీలు కూర్చుని ఉన్నారు. ఆమె చెంబెత్తి వాళ్లను అడిగింది. "పాణి?"

పాణి అంటే ఒడియాలో నీళ్లు. ఆమె నోరు బాగా తెరుచుకుంది, దవడ కిందకు దిగింది. తర్వాత పైడన్న వైపు తిరిగి అడిగింది. "పని అయిందా అన్నా?"

ఈసారి నోరు కొంచెమే తెరుచుకుంది.

పైడన్న ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు.

"కాసమ్మా, మళ్లీ అను."

"ఏటనాలి?"

"ఆల్లని అడిగినావు సూడు, అది."

"పాణి."

కిళ్లీతో ఎర్రబడ్డ నోరు కళ్లముందుకొచ్చింది. అది తెరుచుకున్న తీరు ఇదే. దవడ దిగింది. అన్నది పని కాదు, పాణి. బండిలో నీళ్లుండేవి. తొడ దగ్గర బోర్లించిన అరచెయ్యి. కొంచెం అని కాదు, ఇంతెత్తున అని. ఏదో తుపానులో తొడలోతు నీళ్లలో మునిగిన బండి. ఆ ముసలాయన దాచలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. అందుకే కొత్త సీటు కవర్లు. అందుకే ఇంజిన్ విప్పి కట్టారు. అందుకే అడుగున నల్లరంగు. ఆ రంగు కింద బ్రేకు గొట్టాలున్నాయి. వాటి మీద కదా రంగు కొట్టింది.

మెత్తగా ఆగింది.

డబ్బా అక్కడే వదిలి, ఎంగిలిచేత్తోనే రోడ్డు దాటాడు. పక్కనుంచి లారీ దూసుకుపోయింది. హారను కొట్టిందో లేదో అతనికి తెలీదు.

"లోకనాథ్ బాబూ! ఆ పిల్లకి ఫోను సెయ్యి. బండి ఆపీమను. అది నీళ్లలో మునిగిన బండి."

లోకనాథ్ లేచి నిలబడ్డాడు. "నీకెవరు సెప్పినారు?"

"డ్రైవరు."

"ఎప్పుడు?"

"పొద్దున్న."

"పొద్దున్న సెప్తే ఇప్పుడా నాకు సెప్పడం? నువ్వే గదా మావా తెల్లదే అన్నావు!"

అబద్ధం ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది. మరిచిపోయానంటే పోతుంది. అరవై దాటినవాడు మరిచిపోతే ఎవరూ తప్పు పట్టరు. రేపు మళ్లీ రావచ్చు, మళ్లీ చెవి పెట్టొచ్చు. పైడన్న లోకనాథ్ పెదాల వైపు చూడటం మానేసి కళ్లలోకి చూశాడు.

"ఆడు పాణి అన్నాడు బాబూ. నాకు పని అని ఇనపడింది. నాకు... ఇనపడదు. ఎనిమిది నెల్లయింది. కుడిది ఇవాళతో పోనాది."

లోకనాథ్ ఏదో అన్నాడో లేదో. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. రింగవుతోంది, ఎత్తడం లేదని సైగ చేశాడు. సాయిరామ్‌దీ అంతే. షెడ్డులో ఇవాళ నడిచే బండి ఒక్కటే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఎర్రబండి వైపు పరిగెత్తారు.

ఊరు దాటి పెద్దరోడ్డెక్కాక ఎర్రబండి ఒళ్లు విరుచుకుంది. నేల మీద కూర్చుని పోతున్నట్టుంది. ఇంజిన్ రొద సీటులోంచి వెన్నెముకలోకి ఎక్కుతోంది. ఈ బండి అతనికి నిలువెల్లా వినపడుతోంది. తడబడే ఆ ఒక్క వాల్వుతో సహా. లోకనాథ్ రోడ్డు వైపే చూస్తూ ఏదో అంటున్నాడు. తిడుతున్నాడో, జాలి పడుతున్నాడో. పైడన్న స్క్రూడ్రైవరును ఒళ్లో పెట్టుకుని, ముందు కనిపించే ప్రతి తెల్లబండినీ చూస్తున్నాడు. ఒకటి జీపు, ఒకటి వ్యాను. ఛత్రపురం పోయింది. ఇక గంజాం దగ్గర రుషికుల్య వంతెన. వంతెన దిగే చోట లారీలు ఒకదాని తోకకు ఒకటి అంటుకుని నిలబడతాయి. అక్కడ ఆగాలి. ఆగకపోతే... వెనక అద్దంలో చెయ్యూపిన చిన్ను కళ్లముందే ఉంది.

వంతెన ఇంకా కిలోమీటరుందనగా తెల్లబండి కనిపించింది. ఎడమ పక్కగా నిదానంగా పోతోంది. లోకనాథ్ ఒక్క దూకుడులో దాన్ని దాటించి ముందుకు తెచ్చాడు. పైడన్న కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చి రెండు చేతులూ ఊపాడు. పావని చూసింది. బండి వేగం తగ్గించింది. బ్రేకు తొక్కినా అది ఆగలేదు. గేర్లు మారుస్తూ, మట్టి బాట మీదికి దిగి, ఇసక కుప్పకు మూతి ఆనించి నిలబడింది.

పావని దిగింది. నుదురంతా చెమట.

"తాతా, ఇందాకట్నుంచి బ్రేకు లోపలికి పోతంది. ఆపీదునే. పైడన్న తాత సెవి పెట్టిన బండి గదా, నా కాలిదే తప్పు అనుకున్నాను."

పైడన్న బండి వెనక్కి నడిచాడు. వెనక చక్రం దగ్గర వెల్లకిలా పడుకుని లోపలికి దూరాడు. చక్రం లోపలివైపు తడిగా ఉంది. గొట్టం మీది నల్లరంగును స్క్రూడ్రైవరు మొనతో గీకాడు. ఒక్క గీకుకు పెచ్చు లేచింది. దాని కింద ఇనుము లేదు, తుప్పు ఉంది, తడిసిన బెల్లంలా. రెండోసారి ఆనించగానే గొట్టం విరిగి చేతిలోకొచ్చింది.

బయటికొచ్చి ఆ ముక్కను లోకనాథ్ చేతిలో పెట్టాడు. సాయిరామ్ దాన్ని చూశాడు, చిన్నును ఎత్తుకున్నాడు. చిన్ను చేతుల్లో రెండు ఫోన్లున్నాయి. బొమ్మల ఆట మధ్యలో ఎవరో మాటిమాటికీ ఫోను చేస్తుంటే ఆపేస్తూ వచ్చిందట.

"తాతకి మేం దణ్ణం పెట్టాలా, గొడవ పడాలా?" అన్నాడు సాయిరామ్, అటు నవ్వూ కాకుండా ఇటు ఏడుపూ కాకుండా. పావని అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇప్పుడు ఐదుగురు మనుషులు, రెండు బళ్లు. చోటున్న బండి ఆగదు. ఆగే బండిలో చోటు లేదు. హుమ్మ ఇంకెంతో దూరం లేదని, వాళ్లు ముగ్గురూ ఎర్రబండిలో వెళ్లి, సాయంత్రం తెచ్చి అప్పగించేలా మాట అనుకున్నారు. సాయిరామ్ తన నోటుబుక్కు అట్ట మీది బండి తాళం అందుకున్నాడు. చిన్నును ఒళ్లో పెట్టుకుని పావని మోకాళ్లు ముడుచుకుని అందులోకి దిగింది. "కొబ్బరికాయల సీటు నేను సెప్పిందే" అంది. ఆమె గొంతు ఎలా ఉందో పైడన్నకు తెలీదు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. ఎర్రబండి వంతెన ఎక్కింది. దాని బ్రేకు దీపాలు రెండూ వెలిగాయి, ఆరాయి, మళ్లీ వెలిగాయి. పైడన్న అవి కనపడనంత దూరం పోయేదాకా చూశాడు.

లోకనాథ్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఒక్కో మాటా విడమర్చి, పెదాలు బాగా కదిపి అన్నాడు. "రేపు ఆస్పత్రికి ఎల్దాం మావా. మిషను పెట్టిద్దాం."

చిన్నప్పుడు ఈ లోకనాథ్‌కు సైకిలు నేర్పింది పైడన్నే. అప్పుడు తను వాడితో ఇలాగే, ఒక్కో మాటా విడమర్చి చెప్పాడు.

"ఆస్పత్రికి సీతాలు తీసుకెల్తాది. ముందు దానికి సెప్పాల," అన్నాడు పైడన్న. "షెడ్డుకి మాత్రం ఇంక రాను బాబూ."

"సెవి పోతే చేతులున్నాయి గదా. ఉండు, మాటాడుకుందాం. ముందు బండి లాగడానికి లారీని పిలవనీ."

లోకనాథ్ ఫోనులో పడ్డాడు. ఒక చెవి మూసుకుని, అటు తిరిగి, గాల్లో చెయ్యి తిప్పుతూ మాట్లాడుతున్నాడు. ఎండ నడినెత్తి దాటింది. బరంపురం వైపు పోయే బస్సు ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి రోడ్డవతల ఆగింది. ఎవరో దిగుతున్నారు.

పైడన్న చేతిలోదాన్ని చూసుకున్నాడు. లుంగీ చెంగుతో మొనకు అంటిన తుప్పు తుడిచాడు. పిడి కూడా తుడిచాడు. తెల్లబండి బానెట్టు మీద, దొర్లిపోకుండా, వైపరు పక్కన సర్ది పెట్టి రోడ్డు దాటాడు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. సీటులోంచి ఇంజిన్ వణుకు వెన్నులోకి వచ్చింది. నీళ్ల పంపు అరిగింది, ఈ డ్రైవరుకు ఎవరైనా చెబితే బాగుండు. లోకనాథ్ వెనక నుంచి పిలిచాడేమో. అతను తిరిగి చూడలేదు.

బానెట్టు మీద మూరెడు స్క్రూడ్రైవరు ఎండకు మెరుస్తోంది. దాని చెక్కపిడి చివర, పైన ఒక వరస, కింద ఒక వరస, పంటి గాట్లు.